మరమ్మతు హక్కు బోల్టు దగ్గర మొదలవ్వాలి

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ



2022 జూలైలో మీ శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, ఇంట్లో వాడుకునే ఎలక్ట్రికల్ సామాన్లతో పాటు కార్లనూ బైకులనూ దాని పరిధిలోకి తెచ్చారు. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినం నాడు, ఆ హక్కు కోసం ఒక పోర్టల్ కూడా తెరిచారు. సొంత కారు పనులు వీలైనంతవరకు సొంతంగా చేసుకునే వాణ్ణి కనుక ఆ కబురు నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఆ సంతోషంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ హక్కు గురించి నేను విన్న చర్చల్లో ఒక వస్తువు ప్రస్తావన మాత్రం ఎప్పుడూ నా చెవిన పడలేదు. అది తుప్పుపట్టి కదలకుండా కూర్చున్న బోల్టు.

విడిభాగాలు బయట దొరకాలని అడుగుతున్నాం. సర్వీసు మాన్యువల్ అందరికీ ఇవ్వాలని, షోరూం బయట పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ పోకూడదని అడుగుతున్నాం. అన్నీ అడగాల్సినవే. అయితే కొత్త భాగం డబ్బాలోంచి తీసి బిగించాలంటే ముందు పాతది ఊడిరావాలి కదా. దాన్ని ఊడనివ్వకుండా పట్టుకుని ఉండేది చాలాసార్లు వేలెడంత బోల్టు. అది కదలకపోతే రబ్బరు బుష్ మార్చే పని కాస్తా చక్రాన్ని పట్టుకుని ఉండే ఆర్మ్ మొత్తం మార్చే పని అవుతుంది. బ్రేకు ఆయిల్ మార్చుకుందామని కూర్చున్నవాడు, కాలిపర్ మీది గాలి తీసే నిపుల్ విరిగిపోయి, కాలిపర్ కొనుక్కోవాల్సి వస్తుంది. ఈ ఖర్చు ఏ బిల్లులోనూ తుప్పు పేరు మీద కనపడదు. అందుకే దీని గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు.

నేనుండేది విశాఖపట్నంలో. సముద్రానికి దగ్గరగా ఉన్న ఏ కాలనీలోనైనా అపార్ట్‌మెంటు సెల్లార్లోకి దిగి, కొన్నేళ్లు తిరిగిన కారు కింద టార్చి వేసి చూడండి. పైన పెయింటు తళతళలాడుతూనే ఉంటుంది. కింద సైలెన్సర్ ఫ్లాంజి బోల్టుల తలలు మూలలు కరిగి గుండ్రబడి ఉంటాయి, బ్రేకు పైపుల నట్లు పొరలు పొరలుగా లేచి ఉంటాయి. ఉప్పుకు గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. దానివల్ల వాన పడని రోజుల్లో కూడా ఇక్కడి ఇనుముకు చెమ్మ వదలదు. కాకినాడ, మచిలీపట్నం, బాపట్ల వాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు. డెట్రాయిట్ వైపు స్థిరపడిన మనవాళ్లను అడిగినా ఇదే మాట చెబుతారు. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ నగరం అడుగునే పెద్ద ఉప్పు గని కూడా ఉంది. వాళ్ల కార్లకు ఉప్పు తాకేది చలికాలం నెలల్లోనే, మన తీరంలో ఏడాది పొడుగునా.

ఇనుము తుప్పుగా మారితే అది ఆక్రమించే చోటు రెండింతలకు పైగా పెరుగుతుంది. బోల్టు మరకూ నట్టు మరకూ మధ్య ఉండే సందు వెంట్రుకవాసి. ఆ సందులో తుప్పు ఉబ్బితే ఇక రెండూ ఒకే ముక్కలాగా పట్టేసుకుంటాయి. అల్యూమినియంలోకి దిగిన ఇనుప బోల్టుకైతే ఇంకో బాధ. రెండు వేరు లోహాలు, మధ్య ఉప్పునీరు చేరితే బ్యాటరీలో జరిగే చర్యే అక్కడా జరుగుతుంది. అల్యూమినియం తినుకుపోయి, మరల నిండా తెల్లటి పొడి గట్టిపడుతుంది. ఇంకో సంగతి, చాలామందికి తెలియనిది: శుభ్రంగా ఉన్న కొత్త బోల్టును బిగించేటప్పుడు కూడా మనం పెట్టే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది. బోల్టును కాస్త సాగదీసి రెండు భాగాలను అదిమిపట్టేది మిగిలిన పదో వంతే. రాపిడికి ఇంత వాటా ఉన్నచోట తుప్పు కూడా చేరితే, విప్పడానికి పెట్టిన బలం మరలను కదిలించకముందే బోల్టు మెడ తెగుతుంది. కండబలం ఉన్నవాళ్ల చేతుల్లోనే బోల్టులు ఎక్కువగా తెగడానికి కారణం ఇదే.

ఇంట్లో పని చేసుకునేవాళ్లకు దీన్ని దాటడానికి ఒక పద్ధతి ఉంది, దానికి కావాల్సిందల్లా ఓపిక. శనివారం సాయంత్రమే కారు కిందకి చూసి, మర్నాడు విప్పాల్సిన బోల్టుల మరలను వైరు బ్రష్‌తో రుద్ది శుభ్రం చేయాలి. వాటికి పట్టు వదిలించే ఆయిల్ పట్టించి రాత్రంతా వదిలేయాలి. మన షెడ్లలో డీజిల్ పోసి నానబెడతారు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్‌లో అసిటోన్ సగానికి సగం కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. ఆ మిశ్రమం బాగా పనిచేస్తుంది గానీ ఇట్టే అంటుకుంటుంది, నిప్పు దరిదాపుల్లో ఉండకూడదు. నీలం పసుపు డబ్బాలో వచ్చే డబ్ల్యూడీ-40 దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. 1953లో శాన్‌డియాగోలో దాన్ని తయారుచేసింది లోహం మీంచి నీటిని తరిమి తుప్పు రాకుండా ఆపడానికి. పట్టేసిన మరల కోసం ఆ కంపెనీయే ఇప్పుడు విడిగా ఇంకో రకం అమ్ముతోంది. కొనేటప్పుడు ఆ తేడా చూసుకోవడం మంచిది.

మర్నాడు పానా పెట్టేటప్పుడు ఆరు మూలల సాకెట్ వాడాలి. పన్నెండు మూలల రింగు పానా బోల్టు తల అంచుల మీదే పట్టు తీసుకుంటుంది. తుప్పు తిన్న తల దానికి ఆగదు, జారి గుండ్రమైపోతుంది. ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఇసుమంత కదపాలి, తుప్పు పొర పగిలేంతవరకు. టిక్కుమని చిన్న శబ్దం వస్తే బోల్టు లొంగినట్టే. అప్పుడు పావు చుట్టు విప్పడం, అందులో సగం వెనక్కి బిగించడం, మళ్లీ ఆయిల్, మళ్లీ పావు చుట్టు. మధ్యలో బిగుసుకుంటే బలం పెంచకూడదు, వెనక్కి రావాలి. కదలనే కదలని బోల్టు తల మీద సుత్తితో నిటారుగా నాలుగు దెబ్బలు వేస్తే ఆ అదురుకు మరల్లోని తుప్పు చిట్లుతుంది. నట్టును వేడిచేస్తే అది వ్యాకోచించి బోల్టును వదులుతుంది. కానీ మంట పెట్టేముందు పక్కన పెట్రోలు పైపు, బ్రేకు గొట్టం, రబ్బరు ఏమీ లేవని చూసుకోవాలి, ముందు పోసిన ఆయిల్ తుడిచేయాలి. కొన్ని బ్రేకు క్లీనర్ స్ప్రేలలో క్లోరిన్ కలిసిన ద్రావకాలు ఉంటాయి. అవి కొట్టిన చోట వెల్డింగ్ చేస్తేనో మంట పెడితేనో ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఇది ప్రాణాల మీదికి తెచ్చే సంగతి. అలాగే జాకీ. ఒంటి బరువంతా వేసి పట్టేసిన బోల్టును లాగే క్షణంలోనే కారు జాకీ మీంచి జారే ప్రమాదం ఎక్కువ. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టకుండా ఎవరూ కారు కిందకి తల పెట్టకూడదు.

అయ్యా, ఈ ఓపికంతా పట్టినా లొంగని బోల్టు ఒకటుంది. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

చాలా చిన్న కార్లలో ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే లోయర్ ఆర్మ్‌కు ఒక చివర రబ్బరు బుష్ ఉంటుంది. రబ్బరు మధ్యలో ఇనుప గొట్టం, ఆ గొట్టంలోంచి పొడుగాటి బోల్టు వెళ్తుంది. ఆ బోల్టు పోయి దిగేది సబ్‌ఫ్రేమ్ లోపల, పైకి కనపడకుండా వెల్డింగ్ చేసిపెట్టిన నట్టులోకి. మన గుంతల రోడ్ల మీద ఆ రబ్బరు చీలిపోవడం మామూలే. రబ్బరుకు పెద్ద ఖరీదు ఉండదు. కానీ గొట్టానికీ బోల్టుకూ మధ్య తుప్పు పట్టేసిందంటే, పానా తిప్పినప్పుడు బోల్టుతో పాటు గొట్టమూ తిరుగుతుంది, రబ్బరు మెలిపడుతుంది, చేయి వదలగానే అంతా యథాస్థానానికి వస్తుంది. బయటినుంచి ఎంత ఆయిల్ పోసినా ఆ గొట్టం నడుమకు చేరదు. ఇంకా బలం పెడితే లోపలి నట్టు వెల్డింగ్ తెగుతుంది. అప్పుడు మూసేసిన పెట్టెలో నట్టు గిరగిరా తిరుగుతూ ఉంటుంది. దానికి పానా అందదు, అది కంటికి కూడా ఆనదు. గ్రైండరుతో సబ్‌ఫ్రేమ్‌కు కిటికీలా కోత పెట్టి, నట్టును పట్టుకుని, పనయ్యాక తిరిగి వెల్డింగ్ చేసి మూయాలి. చక్రాల నుంచి వచ్చే బరువంతా మోసే ఉక్కు అది. దానికి అలా కోత పెట్టడం మంచి పని కాదని కోసేవాడికీ తెలుసు, చేయించుకునేవాడికీ తెలుసు. కాదంటే సబ్‌ఫ్రేమ్ మొత్తం కొనాలి.

ఇక్కడ గాజువాక ఆటోనగర్‌లో, అక్కడ విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని చేసిపెట్టే చేతులు ఉన్నాయి. తెగిపోయిన స్టడ్డు మొండెం మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, ఆ వేడి చల్లారేలోపు మెల్లగా తిప్పి బయటికి తీసే మనిషిని చూస్తుంటే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఎక్కడ ఆగాలో, ఎంత వేడికి లోహం వదులుతుందో వాళ్లకు చూపుతోనే తెలుస్తుంది. అంత పనితనం, డ్రాయింగు గీసినప్పుడు ఎవరో పట్టించుకోని ఒక సంగతిని సరిదిద్దడంలో రోజూ ఖర్చయిపోతోంది. ఆ నట్టు బయటికి కనపడేలా, పానా అందేలా పెట్టి ఉంటే చాలు. తెగినా కొత్తది వేసుకునే వీలుండేది.

పట్టించుకుని గీసినవాళ్లూ ఉన్నారు, వాళ్ల గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. చాలా కార్ల వెనక బ్రేకు డ్రమ్ముకు 8 మిల్లీమీటర్ల మరలున్న రంధ్రాలు రెండు ఉంటాయి. మామూలుగా వాటిలో ఏమీ ఉండదు. డ్రమ్ము తుప్పుతో హబ్బుకు అతుక్కుపోయినప్పుడు వాటిలోకి రెండు బోల్టులు దించి, ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే డ్రమ్ము దానంతటదే బయటికి వస్తుంది. సుత్తితో కొట్టి డ్రమ్ము పగలగొట్టుకునే అవసరం ఉండదు. ఈ రంధ్రాలకు తయారీలో అయ్యే ఖర్చు ఎంతని? ఎన్నో ఏళ్ల తర్వాత దీన్ని ఎవరో విప్పుతారని ఆ ఇంజనీరుకు తట్టింది. ఆ ఆలోచన కారు మొత్తానికి ఎందుకు విస్తరించకూడదన్నదే నా ప్రశ్న.

తుప్పు ఒక్కదాని తప్పే కాదు, అతిగా బిగించడం కూడా ఇందులో ఉంది. చిన్న కార్ల చక్రాల నట్లకు కంపెనీలు చెప్పే బిగింపు 100 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. పాతిక సెంటీమీటర్ల పానా కొసన సుమారు 40 కిలోల బరువు వేస్తే ఆ బిగింపు వస్తుంది. టైరు షాపుల్లో గాలి గన్నుతో ఆగకుండా బిగిస్తే అది మూడింతలు దాటడం తేలిక. అంటే విప్పడానికి అదే పానా మీద 120 కిలోలు పడాలి. రాత్రివేళ హైవే పక్కన టైరు పంచరైతే, కారుతో వచ్చిన ఆ చిన్న పానాతో ఒక పెద్దాయన గానీ ఒంటరిగా వెళ్తున్న అమ్మాయి గానీ ఆ నట్లు విప్పగలరా? బిగింపు కొలిచే టార్క్ రెంచితో చివరి బిగింపు వేయాలని టైరు షాపులకు ఒక నియమం ఉంటే ఈ బాధ సగానికి సగం తగ్గుతుంది. మీ శాఖలో తూనికలు కొలతల చట్టం అమలు చూసే విభాగం ఉంది. పెట్రోలు బంకులో లీటరు సరిగ్గా ఉందో లేదో చూస్తున్నట్టే దీన్ని గురించీ ఆలోచించమని కోరుతున్నాను.

కారు కంపెనీలను మీరు అడగాల్సినవి కూడా చెబుతాను. కారుతో ఇచ్చే యజమాని పుస్తకంలో ఇంట్లో విప్పుకోదగ్గ ప్రతి బోల్టు సైజు, దాని బిగింపు అంకె ఉండాలి: చక్రాల నట్లు, ఇంజిన్ ఆయిల్ తీసే బోల్టు, స్పార్క్ ప్లగ్గులు, బ్రేకు కాలిపర్ బోల్టులు, సస్పెన్షన్ బోల్టులు. సిలిండర్ హెడ్ బోల్టుల వంటి కొన్నింటిని బిగించేటప్పుడే సాగిపోయేలా తయారుచేస్తారు, చాలా ఇంజిన్లలో వాటిని విప్పితే మళ్లీ వాడకూడదు. అవి ఏవో స్పష్టంగా రాయాలి. మరలకు కాపర్ గ్రీజు ఎక్కడ పూయవచ్చో, ఎక్కడ కూడదో చెప్పాలి. గ్రీజు పూస్తే రాపిడి తగ్గి అదే అంకెకు బోల్టు ఎక్కువ సాగుతుంది కనుక ఇది ఊహకు వదిలే విషయం కాదు. ఇవన్నీ తెలుగులోనూ, మిగతా భారతీయ భాషల్లోనూ ఉండాలి. పని చేసేవాళ్లు చదువుకునే భాషలు అవే.

బోల్టులు విడిగా కౌంటరు మీద దొరకాలి. ఇప్పుడు తెగిన సస్పెన్షన్ బోల్టు బదులు హార్డ్‌వేర్ షాపులో పొడవు, లావు కలిసినది ఏదో తెచ్చి వేసేస్తున్నారు. బోల్టు తల మీద 8.8 అని ఉంటే అది చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు ఓర్చుకుంటుందని, అందులో 80 శాతం దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందని అర్థం. 10.9 ఉన్నచోట 8.8 వేయకూడదు. తల మీద ఏ అంకే లేనిది చక్రం దగ్గర అసలే వేయకూడదు. మర బోల్టులకు ఐఎస్ 1367 ప్రమాణం ఉండనే ఉంది, దాన్ని చూసే భారతీయ ప్రమాణాల సంస్థ మీ శాఖ కిందే పనిచేస్తుంది. ఆ అంకెల అర్థం చెప్పే ఒక పోస్టరు ప్రతి ఆటోనగర్‌లో, ప్రతి ఐటీఐ గోడ మీద అంటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తర్వాత పూత. కంపెనీల ప్రయోగశాలల్లో బోల్టులను 35 డిగ్రీల వేడిలో, 5 శాతం ఉప్పునీటి పొగమంచులో ఉంచి ఎన్ని గంటలకు ఎర్ర తుప్పు కనపడుతుందో పరీక్షిస్తారు. మామూలు జింకు పూత కంటే జింక్ ఫ్లేక్ పూత ఈ పరీక్షలో చాలా ఎక్కువసేపు నిలుస్తుంది. కారు అడుగున వాడిన బోల్టులు ఎన్ని గంటలు నిలిచాయో ఆ అంకె కొనేవాడికి చెప్పమనండి. మైలేజీ ఎంతో చెబుతున్నవాళ్లు ఇదీ చెప్పగలరు. విశాఖలోనో చెన్నైలోనో కారు కొనేవాడికి సన్‌రూఫ్ కంటే ఈ అంకె ఎక్కువ పనికొస్తుంది.

2025లో మీ శాఖ కమిటీ ఫోన్లకూ ఎలక్ట్రానిక్ వస్తువులకూ, మరమ్మతు ఎంత తేలికో మార్కులతో చెప్పే మరమ్మతు సూచీ పెట్టాలని నివేదిక ఇచ్చింది. ఫ్రాన్సులో 2021 జనవరిలో అలాంటి సూచీ అమల్లోకి వచ్చింది. ఆ మార్కుల్లో విప్పడం ఎంత తేలిక, ఏ పనిముట్లు కావాలి, బిగింపులు ఎలాంటివి అన్నదానికి కూడా వాటా ఉంది. అది ఫోన్లు, లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్ల వంటి వాటికి పెట్టినది. మన దేశంలో కార్లకు సూచీ పెట్టే రోజు వస్తే బిగింపుల మార్కులు అందులో తప్పకుండా ఉండాలి. వెల్డింగ్ చేసి దాచిన నట్టుకు మార్కులు తగ్గాలి, విప్పుకునే రంధ్రాలు పెట్టిన డ్రమ్ముకు పెరగాలి. విడిభాగాలను, పనిముట్లను బయటి మెకానిక్కులకు అందనివ్వనందుకు 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. దాని మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. కోర్టుల్లో తేలేది తేలుతుంది. సూచీ పెట్టడానికి మాత్రం మీరు దేనికోసమూ ఆగనక్కర్లేదు.

సొంత కారుకు 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అంటే 15 ఏళ్ల తర్వాత కూడా కారు బాగుంటే నడపవచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంటోంది. అన్నేళ్లు అది బాగుండాలంటే మధ్యలో ఎన్నోసార్లు విప్పాలి, బిగించాలి. ఇంజిన్ ఇంకా చక్కగా పలుకుతున్న కార్లు కింది బోల్టులు కదలక, పనికి పెట్టే ఖర్చు గిట్టుబాటు కాక తుక్కుకు వెళ్లడం చూస్తున్నాం. ఆ కారు యజమాని చాలాసార్లు ఒక మధ్యతరగతి కుటుంబం, లేదా దాని మీదే బతుకుతున్న డ్రైవరు.

కార్ల మరమ్మతు గురించి మీ శాఖ తర్వాతి సమావేశం పెట్టినప్పుడు దాన్ని ఢిల్లీలో కాకుండా విశాఖపట్నంలో, గాజువాక ఆటోనగర్‌కు దగ్గరలో పెట్టండి. కంపెనీల ప్రతినిధులు ఎలాగూ వస్తారు. సస్పెన్షన్ పని చేసే మెకానిక్కులను, వెల్డింగ్ పనివాళ్లను కూడా పిలవండి. వాళ్లకు ఆ రోజు కూలీ పోతుంది, అది శాఖ భరించాలి. షెడ్డులో పక్కన పడేసిన తెగిన బోల్టులు, కోసిన బుష్‌లు వెంట తెమ్మని చెప్పండి. ఏ కారుకు ఏ బోల్టు ఎక్కడ తెగుతుందో వాళ్లు తెలుగులో చెబుతారు. రాసుకోవడానికి తెలుగు వచ్చిన అధికారి ఒకరిని దయచేసి కూర్చోబెట్టండి.

ఇట్లు
ఒక కారు యజమాని
విశాఖపట్నం